గంగమీద నూరుమంది: ఏనుగుల వీరాస్వామయ్యగారి చరిత్ర

కుటుంబంలోని మూడు తరాలవారు కలిసి ఒక నౌకను మొత్తంగా అద్దెకు మాట్లాడుకొని, వారం పదిరోజులు నీళ్లమీద కాపురం చేసి రావడం ఈనాటి సంపన్నులలో ఒక వేడుకగా ప్రబలుతున్నది. తాతలు, అమ్మమ్మలు, కొడుకులు, కోడళ్లు, మనుమలు, మనుమరాండ్రు అందరూ ఒక్క కప్పుకింద ఉంటారు. మధ్యధరా సముద్రంలోను, కరేబియన్ దీవుల నడుమను ఇందుకై ప్రత్యేకించిన విలాసనౌకలు కలవు. వాటిని యాట్‌లంటారు. నౌకతోపాటు కప్తాను, వంటవాడు, పరిచారకులు అద్దెలోనే వస్తారు. ఇంధనానికి, భోజన పదార్థాలకు, రేవు సుంకాలకు మాత్రం అద్దెలో నాలుగోవంతు మొదలు మూడోవంతు వరకు అదనంగా ముందే చెల్లించాలి. పన్నెండుమందికి మించి ప్రయాణికులను ఎక్కిస్తే అంతర్జాతీయ నియమాల ప్రకారం అది ప్రయాణికుల ఓడ అవుతుంది, నిబంధనలు కఠినమవుతాయి. అందుచేత ఇట్టి అద్దెనౌకలలో చాలవాటికి పన్నెండే హద్దు.

దాదాపు రెండువందల సంవత్సరాల క్రిందట ఒక తెలుగు గృహస్థు ఇటువంటి ఏర్పాటునే సుమారు నూరుమందికి చేసినారు. ఆయన ఎక్కినది సముద్రం కాదు, గంగ. కోరినది వినోదం కాదు, పుణ్యం. అయినా పని స్వరూపం చూస్తే రెండూ ఒకటే. ఒక్కరి ధనం, ఒక్కరి పూచీ. వెంట ఇంటి ఆడవారు, బంధువులు, పరిచారకులు. కేవుకు కుదిరిన పడవలు. తమ భాష రాని నావికులు. ఆ గృహస్థు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన కాశీయాత్రచరిత్ర పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. పుస్తకాన్ని తెరచి తుదిదాకా చదివినవారు మాత్రం తక్కువ. ఆయన జీవితాన్ని ఈ నౌకాయానం వైపునుండి చూసినవారు మరీ తక్కువ.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారికి ఈ యాత్ర దూరపు మాట కాదు. జగిత్యాల నుండి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పడమటికి పోయే రోడ్డు ఆర్మూరు దగ్గర హైదరాబాదు–నాగపురం దారిని కలుస్తుంది. సిరిసిల్ల నుండి పడమటికి పోయే రోడ్డు కామారెడ్డి దగ్గర అదే దారిని కలుస్తుంది. 1830లో వీరాస్వామయ్యగారి పరివారం ఉత్తరాదికి నడిచినది ఆ దారినే. సవారీలు, బండ్లు, కావళ్లు, ఆయుధాలు ధరించిన బంట్రోతులు, వారి వెనుక నడిచేవారు – ఇంత ఊరేగింపు మన ఊళ్లకు ఒకటి రెండు రోజుల నడక దూరంలో సాగిపోయినది.

ఆయన 1780 ప్రాంతంలో చెన్నపట్టణంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించినారు. తండ్రి సామయమంత్రి. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, ఆడుకొనే వయస్సులోనే కచేరీ పనిలో ప్రవేశించవలసి వచ్చినది. ఆనాటి చెన్నపట్టణంలో తెలివిగల పిల్లవానికి ఎక్కిరావడానికి ఉన్న నిచ్చెన ఒక్కటే: భాషలు. దొరలకు దేశభాషలు రావు. దేశీయులకు ఇంగ్లీషు రాదు. ఈ రెంటి నడుమ నిలబడి ఒకరి మాట మరొకరికి చేర్చగలవానికి జీతమూ గౌరవమూ రెండూ దక్కినవి. వీరాస్వామయ్యగారు తెలుగు, తమిళం, సంస్కృతం, ఇంగ్లీషు నేర్చి, ఒక్కొక్క మెట్టే ఎక్కి, 1801లో చెన్నపట్టణంలో ఏర్పడిన సుప్రీంకోర్టుకు ఇంటర్‌ప్రిటరు అయినారు.

ఈ ఉద్యోగం ఆయన స్వభావాన్ని తీర్చిదిద్దినదని నా నమ్మకం. న్యాయస్థానంలో ద్విభాషి విన్నదానికి రంగు పూయరాదు. సాక్షి ఏడ్చినా, వకీలు కేకలు వేసినా, మాటను మాటగానే అందించాలి. యాత్రాగ్రంథంలో కూడా ఆయన పద్ధతి అదే. ఒక మజిలీ చేరగానే అక్కడ నీళ్లు మంచివా కావా, దిగడానికి చావడి ఉన్నదా, అంగళ్లలో ఏమి దొరుకుతుంది, బ్రాహ్మణ గృహాలు ఎన్ని, దారి మెరకా పల్లమా అని వాఙ్మూలం వ్రాసుకొన్నట్లు వ్రాసుకొన్నారు. వర్ణనల కోసం వెదికేవారికి ఆ పుస్తకం చప్పగా తోస్తుంది. ప్రయాణం చేయబోయేవానికి అంతకంటె విలువైనది ఆ కాలంలో తెలుగులో మరొకటి లేదు.

1830 మే 18వ తేదీన చెన్నపట్టణం చెంత తండయారువీడులోని తన తోటనుండి ఆయన బయలుదేరినారు. తిరిగి వచ్చినది 1831 సెప్టెంబరు 3న. సుమారు పదిహేను నెలల పదిహేను రోజులు. కాశికి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెత ఊరకే పుట్టలేదు. ఆనాడు యాత్రకు పోయేవారు అప్పులు తీర్చి, ఆస్తి చక్కబెట్టి, చుట్టాల వద్ద సెలవు తీసుకొని మరీ పోయేవారు. కోర్టు ఉద్యోగి, ఏబదేండ్ల వయస్సువాడు, ఒంటరిగా పోయినా సాహసమే. కుటుంబాన్ని, పరివారాన్ని వెంటబెట్టుకొని పోవడం మరొక విధమైన సాహసం. తన ప్రాణానికి తెగించడం సులభం. నూరుమంది ప్రాణాలకు పూచీపడడం కష్టం.

ఆ పూచీ ఎట్టిదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక్క సవారీ మోయడానికి మార్చుకొనే బోయీలతో కలిపి ఎనిమిది మొదలు పన్నెండుమంది కావలెను. ఆ బోయీలకు తిండి, జీతం, జ్వరం వస్తే మందు. గుడారాలు మోయడానికి ఒకరు, వంటపాత్రలు మోయడానికి మరొకరు, రాత్రి కావలికి ఇంకొకరు. దినానికి పది పన్నెండు మైళ్లు సాగితే మంచి నడక. రాజ్యం మారితే నాణెం మారుతుంది. నైజాము రూపాయి వేరు, నాగపురపు రూపాయి వేరు, కంపెనీ రూపాయి వేరు. పొలిమేర దాటినప్పుడల్లా మారకంలో వట్టం పోతుంది. కంపెనీ ఏలుబడిలో అంతటా ఒక్క రూపాయి చెల్లుబాటు కావడం 1835 తరువాతి మాట. నేటి విలాసనౌక యజమాని ఇంధనానికని ముందుగా డబ్బు కట్టించుకొన్నట్లు ఆనాడు ఎవరూ కట్టించుకోలేదు. ప్రతి మజిలీలోను ప్రతి ఖర్చుకు బేరం కొత్తగా మొదలు కావలసినదే.

కడప, అహోబిలం, శ్రీశైలం దిక్కుగా వచ్చి, కృష్ణ దాటి, ఆయన నైజాము రాజ్యంలో ప్రవేశించినారు. అప్పటికి నాసిరుద్దౌలా గద్దె ఎక్కి ఏడాది అయినది. పరిపాలన పగ్గాలు పేష్కారు చందూలాలు చేతిలో ఉన్నవి. హైదరాబాదులో జనం ఆయుధపాణులై తిరగడం చూసి చెన్నపట్టణపు న్యాయస్థానోద్యోగి కలతపడినారు. ఇక్కడ ఒక్కమాట చెప్పక తప్పదు. కంపెనీ ఏలుబడిని చూసిన కంటితోనే ఆయన నైజాము ఏలుబడిని చూసినారు. జీతమిచ్చేవారి న్యాయం ఆయనకు నిండుగా కనిపించినది, పొరుగు రాజ్యపు అక్రమం మరీ నల్లగా కనిపించినది. తెలంగాణంవారికి ఈ పుటలు చదువుతుంటే కొంత నొప్పి కలగక మానదు. అయినా జాగీరుదార్ల కలహాలు, కోటల వంటి గడీలు, దారిదోపిడులు ఆనాడు లేవని మనం అనగలమా? పల్లకీలో కూర్చున్నవాడు చూసినది కూడా సాక్ష్యమే. పల్లకీ మోసినవాడు చూసినది వ్రాయబడలేదు, అంతే భేదం.

హైదరాబాదు విడిచి మేడ్చల్, రామాయంపేట, భిక్కనూరు, కామారెడ్డి ప్రాంతాల మీదుగా ఉత్తరానికి సాగినారు. అది వానకాలం. కామారెడ్డి వైపు వాగుల నీరు పారి పారి సిరిసిల్ల పైగల ఎగువ మానేరులో చేరుతుంది. వాన గట్టిగా పట్టిందంటే ఆ వాగులు మనుషులను గట్టునే నిలబెడతాయి. బండి దిగబడితే ఎద్దులను విప్పి మనుషులు భుజం పట్టవలసిందే. బాలకొండ దాటి నిర్మలకు పోతూ ఆయన గోదావరిని దాటినారు.

మన గోదావరిని గురించి కొంచెం చెప్పవలెను. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై తెరచాపలెత్తి పడవలు నడిచినట్లు మా ఎగువ గోదావరిలో నడవవు. ఇక్కడ నది వేసవిలో ఇసుక, వానకాలంలో ఉప్పెన. మా ప్రాంతంలో మనిషి నమ్ముకొన్నది పుట్టి. వెదురుతో బుట్టవలె అల్లి, పైన తోలు కప్పిన గుండ్రని తెప్ప అది. తెడ్డు వేసినకొద్దీ ముందుకు పోవడానికి బదులు తనచుట్టు తాను తిరగబోతుంది. దానిని తిన్నగా నడపడం గంగపుత్రులకే తెలిసిన విద్య. జగిత్యాలకు సమీపంలోని ధర్మపురిలో బ్రహ్మపుష్కరిణిలో నరసింహస్వామికి ఏటేటా తెప్పోత్సవం, డోలోత్సవం జరుగుతాయి. అలంకరించిన నావను ఎక్కేది మా వైపు దేవుడొక్కడే అని నవ్వుకొనేవారు పెద్దలు. ఇట్టి నదుల సీమలనుండి పోయి గంగమీద ఇల్లువంటి పడవలను చూసినవారికి ఎంత వింత కలిగి ఉండవలెనో ఊహించుకోవచ్చును.

నిర్మల, ఆదిలాబాదు మీదుగా వార్ధా నదీప్రాంతం దాటి నాగపురం చేరినారు. అక్కడినుండి జబ్బలుపురం, వింధ్య. పిండారీల ఆగడం 1818 నాటికి అణగినది గాని, థగ్గుల భయం తీరలేదు. ఆ సంవత్సరాలలోనే స్లీమన్ దొర జబ్బలుపురం, సాగరు ప్రాంతాలలో థగ్గులను వేటాడుతున్నాడు. థగ్గులు యాత్రికుల వేషంలో కలిసి, మాటలు కలిపి, మెడకు గుడ్డ బిగించేవారు. చిన్న గుంపులే వారికి ఎర. నూరుమంది పరివారం దండుగగా కనిపించవచ్చును గాని, ఆ దారిలో అదే రక్ష.

వానకాలం వెళ్లేనాటికి ఆయన ప్రయాగ చేరినారు. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయనే మాట వారి విషయంలో అక్షరాలా జరిగినది. అంతవరకు బండ్లకు, బోయీలకు ఇచ్చిన డబ్బు ఇక పడవల కేవుకు మారినది. ప్రయాగ నుండి కాశికి నేలదారి ఎనభై మైళ్లకు లోపే. నది మలుపులు తిరిగి పోతుంది గనుక నీటిదారి అంతకంటె చాల దూరం. అయినా నూరుమందిని, సామానును, అలసిన ఆడవారిని తీసికొనిపోవడానికి పడవే సుఖం. కాశీనుండి పాట్నాకు, గయ చూసి వచ్చిన తరువాత పాట్నానుండి కలకత్తాకు కూడా ఆయన పడవలనే ఆశ్రయించినారు.

ఆ కాలపు గంగానావలు అనేక విధాలు. దొరలు, నవాబులు, ధనికులు ఎక్కేది బజరా. దాని వెనుక సగానికి మించిన భాగం గదులే. గదులకు పలకల కిటికీలు. పైకప్పుమీద చుక్కాని పట్టేవాడు. ముందు భాగంలో వరుసగా తెడ్లు వేసేవారు. బజరాకు అడుగు బల్లపరుపు, పొట్ట పెద్ద. అందువల్ల తక్కువ నీటిలో కూడా తేలుతుంది గాని, అడ్డగాలి వీస్తే గట్టుకు కొట్టుకొనిపోతుంది. పినీసు అనేది దానికంటె దృఢమైనది, తెరచాపకు అనువైనది. భోలియా చిన్నది, వడిగా పోయేది. పటేలా సరుకు మోసేది. ఇంత పరివారం నీటిమీద సాగాలంటే ఒక్క పడవ చాలదు. ఆడవారికి మరుగైన గదులున్నది ఒకటి కావలెను, వంటవారికి, సామానుకు వేరు, తక్కినవారికి వేరు. నేటి పెద్ద విలాసనౌకల వెంట ఆటవస్తువులు, చిన్నపడవలు మోసే సహాయనౌక పోతుందని విన్నాము. ఆలోచన కొత్తది కాదు.

పడవ నడిపే పెద్దను మాంఝీ అంటారు. తెడ్లు వేసేవారు దాండీలు. గాలి అనుకూలమైతే తెరచాప, లేకపోతే తెడ్డు, ఏటికి ఎదురుపోయేటప్పుడు తెడ్డు కూడా పనిచేయదు. అప్పుడు దాండీలు గట్టుమీదికి దిగి, నడుముకు తాడు బిగించుకొని, ముళ్లలో బురదలో నడుస్తూ పడవను లాగుతారు. 1781లో కంపెనీవారు వేసుకొన్న లెక్కలో కలకత్తానుండి పాట్నాకు అరవై రోజులు, కాశికి డెబ్బదియైదు రోజులు అని ఉన్నది. అది ఎదురేటి లెక్క. వీరాస్వామయ్యగారిది ఏటివాలు ప్రయాణం. ఈ ఒక్క సంగతి ఆయన యాత్ర అమరికలోని తెలివిని చూపుతుంది. నేలమీద ఎక్కి, నీటిమీద దిగినారు. ఎగువకు పోవలసినంత దూరం కాళ్లమీద, బండ్లమీద పోయి, ప్రయాగ చేరిన తరువాత గంగనే తమను మోసుకొని పొమ్మన్నారు. మొదట కలకత్తా పోయి అక్కడినుండి పడవలలో కాశికి పోయినట్లయితే కేవు అనేక రెట్లయ్యేది, దాండీల నడుములు మరింత వంగేవి.

ఆవిరి పడవలు గంగమీద ఇంకా క్రమంగా నడవడం లేదు. కలకత్తా, అలహాబాదుల నడుమ క్రమంగా నడిచే ప్రభుత్వపు పొగపడవ 1834లో గాని రాలేదు. కాబట్టి పగలంతా ప్రయాణం, పొద్దుగుంకగానే గట్టుకు కట్టివేయడం. ఇసుకమేటలు ఎక్కడ తేలినవో రాత్రి తెలియదు. దొంగల పడవలు ఎటునుండి వస్తాయో తెలియదు. ఆచారవంతులు పడవలో వండుకొని తినరు. గట్టున చోటు చూసి, అలికి, పొయ్యి పెట్టి, మడితో వండుకొంటారు. నూరుమంది భోజనం ముగిసి తిరిగి పడవ ఎక్కేసరికి దినంలో మంచి భాగం గడుస్తుంది. ఇంగ్లీషు దొర వారం రోజులలో పోయే దూరానికి హిందూ కుటుంబానికి ఎక్కువ రోజులు పట్టడానికి కారణం గాలి కాదు, పొయ్యి. నౌకలో వంటవాడు అడిగిన వేళకు అడిగిన వంటకం తెచ్చిపెట్టే నేటి పద్ధతి వారికి సుఖంగా కాక, అనాచారంగా తోచేది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య. ఈ సామెతలోని కృతఘ్నత యాత్రాచరిత్రలన్నిటిలోను ఉన్నది. ఎన్ని తెడ్లు ఉన్నవో తెలుస్తుంది, కేవు ఎంతో తెలుస్తుంది. తెడ్డు వేసినవాని పేరు నిలువలేదు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లనుండి వేలాదిమంది గల్ఫు దేశాలకు కూలికి పోయినవారు. దుబాయి రేవులో అద్దె యాట్‌లు బారులు తీరి ఉంటాయి. ఆ నౌకల వైభవాన్ని మనవారు చూసేది చాలవరకు గట్టున పని చేసుకొంటూనే. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు వారు చెప్పే కబుర్లలో నౌకలోపలి గదులుండవు. దాని తెల్లదనం, రాత్రి దీపాలు మాత్రం ఉంటాయి. గంగ గట్టున తాడు లాగిన దాండీకి కూడా బజరా లోపలి గది అంత దూరమే అయి ఉంటుంది. ఈ విషయంలో వీరాస్వామయ్యగారిని ప్రత్యేకంగా నిందించడం న్యాయం కాదు. బోయీల కష్టసుఖాలు యాత్రకు ఆధారమని తెలిసిన యజమాని ఆయన. తెలియకపోతే నూరుమందితో పదిహేను నెలలు నడవలేరు.

కాశిలో ఆయన కొంతకాలం నిలిచినారు. గయలో పితృకార్యాలు. అక్కడ గయావళీల దక్షిణల బేరం యాత్రికుని ఓర్పుకు గట్టి పరీక్ష. పైగా ప్రయాగ, గయ, పురీ క్షేత్రాలలో కంపెనీ ప్రభుత్వమే యాత్రికుల తలకు పన్ను వేసి వసూలు చేస్తున్నది. ఆ పన్ను 1840లో గాని పోలేదు. ధనికుడు నూరుమందికి పుణ్యం చేయించాలంటే ఆ నూరుమంది ఖర్చులూ అతడే భరించాలి. ఇది విలాసయాత్రలలో లేని భారం. సొంత పెదతండ్రికి పిండం పెట్టుకోవలెనని ఏనాటినుండో కోరుకొన్న ఒక పేద బంధువు, ఒక వంటవాడు, ఒక బంట్రోతు – వీరికి స్వశక్తితో గయ చూడడం ఆ జన్మలో సాధ్యమయ్యేది కాదు. ఎముకలుగా గంగను చేరవలసినవారు ప్రాణంతో గంగలో మునిగినారు. ఆనాటి పెద్దింటి యాత్రకు ఇంతమంది వెంటపడడానికి కారణం డాబు ఒక్కటే కాదు. పెద్దవాడు పోయేటప్పుడు చిన్నవాని మోక్షం కూడా అతని బండిలోనే పోవలెనని లోకం ఆశించేది.

పాట్నా విడిచిన తరువాత రాజమహలు కొండలు దాటి, బంగాళదేశపు పల్లపు నేలలలోకి పడవలు ప్రవేశించినవి. 1831లో కలకత్తా చేరినారు. అక్కడినుండి చెన్నపట్టణానికి సముద్రంమీద ఓడలు పోతూ వస్తూనే ఉన్నవి. గాలి కుదిరితే నెలలు పట్టే దారి వారాలలో తరిగేది. వీరాస్వామయ్యగారి పరివారం ఓడ ఎక్కలేదు. సముద్రయానం ఆచారవంతులకు నిషిద్ధం. పైగా నడుమ జగన్నాథం ఉన్నది. నది పవిత్రం, సముద్రం నిషేధం. ఒకే నీరు, ఒకే కొయ్య, ఒకే తెరచాప. గంగాసాగర సంగమం దాటితే ధర్మం మారిపోయేది. నేటి తెలుగు కుటుంబాలు అదే సముద్రాన్ని విహారానికి ఎన్నుకొంటున్నవంటే, తరుగుతూ వచ్చినది దూరం ఒక్కటే కాదు.

పురీ చూసుకొని, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా నేలదారినే తిరిగి వచ్చినారు. రాజమహేంద్రవరం వద్ద ఆయన గోదావరిని రెండవసారి దాటినారు. ఏడాది క్రిందట నిర్మల దారిలో దాటిన నది అదే. ధవళేశ్వరం ఆనకట్ట పని ఆరంభమైనది 1847లో గనుక అప్పటికి నది కట్టుబాటు లేనిది. రెండుసార్లూ వానల రోజులే. కాశిలోని గంగను మొక్కి వచ్చినవానికి ఈ రెండవ దాటింపు ఎట్లా తోచినదో గాని, గోదావరిని ఎగువనూ దిగువనూ కూడా దాటి వ్రాసిపెట్టిన తెలుగువాడు ఆయనకు ముందు మనకు కనిపించడు.

యాత్ర సాగినంతకాలం ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి ఉత్తరాలు వ్రాస్తూ వచ్చినారు. ఆ భాష కావ్యభాష కాదు. కచేరీలో, బజారులో, ఇంటిలో మాట్లాడే తెలుగు. దానిలో హిందూస్తానీ, తమిళం, ఇంగ్లీషు మాటలు యథేచ్ఛగా కలిసినవి. వ్యావహారిక భాషావాదం తలయెత్తడానికి ఎనభై ఏండ్లు ముందే ఒక పెద్దమనిషి ఎవరినీ అడగకుండా ఇట్లా వ్రాసినారు. భాషకోసం కాదు, అవసరం కోసం. వెనుక వచ్చేవానికి ఏ ఊళ్లో బియ్యం దొరుకుతాయో తెలియాలి. అందుకు ఛందస్సు అడ్డం.

ఆయనకంటె వైభవంగా కాశికి పోయిన సంస్థానాధిపతులు, జమీందారులు ఉన్నారు. ఏనుగులు, ఒంటెలు, వందల పటాలంతో పోయినారు. ఆ యాత్రలు ఆ ఇళ్లలో కథలుగా కొన్నాళ్లు నిలిచి పోయినవి. వీరాస్వామయ్యగారి ధనం కూడా ఆ పదిహేను నెలలలో ఖర్చయిపోయినదే. మిగిలినవి ఉత్తరాలు.

యాత్రనుండి వచ్చిన తరువాత ఆయన ఎక్కువకాలం జీవించలేదు. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు నాశనం చేసినది. తిండికోసం జనం చెన్నపట్టణం దారి పట్టినారు, దారిపొడుగున శవాలు. ఆ కరువులో వీరాస్వామయ్యగారు ఆకలిగొన్నవారికి అన్నదానం చేసినారు. ఆ కరువుజనం నడిచిన దారి ఆయన ఒకటి రెండేండ్ల క్రిందట పరివారంతో తిరిగివచ్చిన దారియే. ఏ ఊళ్లో నీళ్లున్నవో, ఏ ఊళ్లో చావడి లేదో ఆయనకు తెలుసు. యాత్రలో నూరుమందికి అన్నం అమర్చిన చేతికి ఈ పని కొత్త కాదు గాని, ఇక్కడ లెక్క నూరుతో తీరలేదు.

1836లో ఆయన కాలధర్మం చెందినారు. ఉత్తరాలు శ్రీనివాసపిళ్లగారి వద్దనే ఉన్నవి. ఆయన వాటిని కూర్చి, మిత్రుని జీవితాన్ని ముందు చేర్చి, 1838లో అచ్చువేయించినారు. తెలుగులో అచ్చుపుస్తకాలు వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని ఉన్న రోజులవి. 1869లో రెండవ ముద్రణ వచ్చినది. తరువాత డెబ్బది యేండ్లు పుస్తకం దొరకలేదు. ఆలోగా రైళ్లు వచ్చినవి. కాశివద్ద గంగపై 1887లో వంతెన పడినది. యాత్రికుడు రెండు మూడు రోజులలో పోయి మునిగి వస్తున్నాడు. మజిలీల పట్టికతో ఎవరికీ పని లేకపోయినది. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు పీఠికతో, వివరణలతో మూడవసారి ప్రకటించినారు. అప్పటికి అది దారి చూపే పుస్తకం కాదు, చరిత్రకు ఆధారం అయినది.

మా ప్రాంతానికి రైలు ఇంకా ఆలస్యంగా వచ్చినది. పెద్దపల్లినుండి జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరుల మీదుగా నిజామాబాదుకు పోయే రైలుదారి పూర్తిగా కలిసినది 2017లో. ఆ రైలు ఆర్మూరు దగ్గర పాత నాగపురపు దారిని అడ్డంగా దాటిపోతుంది. అక్కడినుండి ఉత్తరంగా చూస్తే బాలకొండ దిక్కు. ఆ దారిన నూరుమంది నడుస్తూ పోయినప్పుడు వారిలో ఎవరూ గంగను చూసి ఎరుగరు.